తూము పక్కన చోటు

ఉప్పల్,
జూన్ మూడో వారం

బిందూ,

ఈ ఉత్తరం పాల క్యాన్‌తో పాటు మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఉప్పల్ నుంచి నాచారానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి తప్పించుకుంటావు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు రాయాలి. నాచారం బడిలో లేఖా రచనకు ఇద్దరం పోటీ పడి మార్కులు తెచ్చుకున్నవాళ్లం, చేతకాదని అనలేవు.

మా ఇల్లూ బర్రెల కొట్టమూ ఊరివైపు, గడ్డి మడి మూసీ వైపు ఉన్నాయని నీకు తెలుసు. మధ్యలో ఇప్పుడు మీ కొత్త రోడ్డు కట్ట వచ్చింది. బ్రిడ్జి ఎక్కడానికని మట్టి పోసి ఇంటికప్పు ఎత్తు లేపారు. దాని కింద ఒకే ఒక్క తూము. ఊళ్లో కురిసిన వానంతా మా గుమ్మం ముందు నుంచి వెళ్లి ఆ తూములో దూరి, మా గడ్డి మీదుగా మూసీలో పడాలి. అంతవరకూ సరే. కానీ రోడ్డు మీది నీళ్లు కూడా గొట్టంలోంచి దిగి అదే తూములో కలుస్తున్నాయి.

మొన్నటి తొలి వానకు ఆ నీళ్లు నల్లగా, పైన రంగులు తేలుతూ వచ్చాయి. డీజిల్ కంపు. మూసీ నీళ్లు గంగాజలమని నేననను. ఆ మురుగుకే మా గడ్డి అలవాటు పడింది. ఈ నలుపుకి మాత్రం అంచులు మాడిపోయాయి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. మా ఆయన నీళ్లు చేతిలోకి తీసుకొని, "మూసీ నీళ్లు మనకు కొత్తా? గిది మాత్రం ఏందో మంట లెక్క ఉన్నది" అన్నాడు. పాలు వాసన వస్తున్నాయని మీ వీధిలోనే రెండిళ్లవాళ్లు మానేశారు. మీ నాన్నగారు మొహమాటానికి ఏమీ అనలేదట.

ఆ రోడ్డు నీళ్లు ఎటు పోవాలో గీసింది నువ్వేనని స్వీట్ డబ్బా తెచ్చి మరీ చెప్పావు. ఆ డబ్బాలో ఇప్పుడు పోపు గింజలు పోసుకుంటున్నాను. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. ఏం చేస్తావో రాయి.

హిమజ

---

నాచారం,
జూన్ నెలాఖరు

హిమజా,

పాల క్యాన్ వెంట ఉత్తరం, ఉత్తరం విప్పితే తిట్లు. బాగుంది తల్లీ.

నువ్వు చెప్పింది నిజమే. వేసవంతా రోడ్డు మీద టైర్ల పొడి, నూనె, బ్రేకుల తుప్పు పేరుకుని ఉంటాయి. తొలి వాన ఆ పాపమంతా ఒక్కసారి కడిగి కిందికి తోస్తుంది. అందుకే నా మొదటి డ్రాయింగ్‌లో తూముకి ముందు ఒక గుంత పెట్టాను. రోడ్డు నీళ్లు ముందు అందులో నిలబడితే మడ్డి అడుక్కి దిగుతుంది, నూనె పైన తేలుతుంది, మధ్య నీళ్లు మాత్రం తూములోకి పోతాయి. మా ఆఫీసు పెద్ద జగన్మోహన్ గారు దాన్ని రెండో విడతకని పక్కన పెట్టారు. ఆ రెండో విడత ఎప్పుడో ఆయనకే తెలియదు.

నీ ఉత్తరం ఆయనకి చూపించాను. తిట్లున్న చోట వేలు అడ్డం పెట్టాలే. "ఫిర్యాదు ఉందంటే రోడ్డు వేయించినవాళ్లని అడగొచ్చు" అన్నారు. కాబట్టి దసరాలోపు గుంత తవ్విస్తాను. ఇది నా మాట.

ఈలోగా తూముకి ఏదీ అడ్డం పడకుండా చూసుకో. చెత్త చేరితే తీయించు. మీవైపు నీళ్లు ఆ రోడ్డు దాటడానికి ఉన్న దారి అదొక్కటే. ఇంకో మాట, దాన్ని కట్ట కట్ట అంటున్నావు. అది కట్ట కాదు, రోడ్డు. కట్ట నీళ్లని ఆపడానికి. మేం ఆపడానికి వేయలేదు.

నాన్న పాలు మానలేదు. కాఫీలో వాసన తెలియదట.

బిందు

---

ఉప్పల్,
జూలై, బోనాలైన మర్నాడు

బిందూ,

జున్ను పంపుతున్నాను, మీ నాన్నగారికి పెట్టు. గడ్డి మళ్లీ తేరుకుంది. నాలుగు వానలు పడ్డా నల్ల నీళ్లు మడిలోకి రాలేదు. బర్రెలు వంచిన మూతి ఎత్తకుండా తింటున్నాయి. మానేసిన రెండిళ్లవాళ్లూ మళ్లీ పోయించుకుంటున్నారు.

బోనాలు బాగా జరిగాయి. మా అత్త ఉప్పలమ్మ ఈసారి పట్టుపట్టి అందరితో డప్పులు పెట్టించింది. మా ఆయన వేపమండలు పట్టుకుని ఎంత ఎగిరాడంటే రెండు రోజులు నడుం పట్టుకుని పాలు పోశాడు.

నీ గుంత సంగతి తొందరేమీ లేదు. మీ పెద్దాయనతో అనవసరంగా మాట పడకు. ఇటు రావాలని కూడా పెట్టుకోకు, దారంతా బురద, నీ చెప్పులు పాడవుతాయి. నేనే ఒకరోజు వస్తాను.

హిమజ

---

నాచారం,
ఆగస్టు మొదటి వారం

హిమజా,

నువ్వు నా చెప్పుల గురించి బెంగపడ్డం ఇదే మొదటిసారి. పదో తరగతిలో నా కొత్త చెప్పులు వేసుకుని మల్కాజిగిరి స్టేషన్ దాకా నడిచిన మనిషివి నువ్వు.

జున్ను అద్భుతం. నీ ఉత్తరం చదివి మనసు తేలికపడింది. మీటింగ్‌లో జగన్మోహన్ గారు ఆ గడ్డివాళ్ల గొడవేమైందని అడిగితే, ప్రస్తుతానికి బాగానే ఉందట అని చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఆయన అప్పటికే గుంత దగ్గర పెన్నుతో గీత కొట్టేశారు. మళ్లీ పెట్టిస్తాలే, ఏదో ఒకటి చేస్తాను.

కానీ నాకొకటి అర్థం కావడం లేదు. రోడ్డు నీళ్లు గొట్టంలోంచి దిగుతూనే ఉన్నాయి. మీ మడిలోకి రాకపోతే ఎక్కడికి పోతున్నాయి? బ్రిడ్జి మీద నుంచి మావాళ్లు తీసిన ఫోటోల్లో మీ ఇంటివైపు నీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. మూసీ వైపు మాత్రం పచ్చగా, పొడిగా ఉంది. తూము తెరిచే ఉందా? సూటిగా చెప్పు.

బిందు

---

ఉప్పల్,
ఆగస్టు పదిహేను తర్వాత

బిందూ,

తూము ఉన్నచోటే ఉంది, ఎక్కడికి పోతుంది?

నీళ్లు నిలిచాయంటే మీరు రోడ్డు వేయడం వల్ల నిలిచాయి. దానికి ముందు మా ఇంట్లోకి నీళ్లు వచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు కొట్టంలో గిట్టలు మునిగేంత ఉన్నాయి. బర్రెలు పడుకోలేక నిలబడే ఉంటున్నాయి. వాటి కాళ్లు వాచాయి. మా ఆయన ఇటుకలు పేర్చి ఎత్తు చేస్తున్నాడు, ఎత్తు చేసిన కొద్దీ నీళ్లూ ఎత్తవుతున్నాయి. మా అత్త మంచం కిందికి కూడా వచ్చాయి. ఆమె దిగనంటోంది.

నువ్వు ఫోటోలు చూసి ప్రశ్నలు వేస్తున్నావు. నేను మోకాలి లోతులో నిలబడి జవాబు రాస్తున్నాను. ఇంతకంటే సూటిగా రాయడం నాకు రాదు.

హిమజ

---

నాచారం,
ఆ మర్నాడు

హిమజా,

నువ్వు రావద్దన్నా ఇవాళ పొద్దున్నే వచ్చాను. నువ్వు గడ్డి కోయడానికి వెళ్లి ఉన్నావు. చెప్పులు చేత్తో పట్టుకుని తూము దాకా నడిచాను.

తూము నోటికి రాళ్లు, సిమెంటు. దాని ముందు గద్దె. గద్దె మీద పసుపు, కుంకుమ, వేపమండలు, ఎండిన నిమ్మకాయల దండ. మైసమ్మ తల్లి. దండం పెట్టుకోవాలో నెత్తి కొట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. బోనాల నాడు మీ అత్త పట్టుపట్టి డప్పులు పెట్టించింది దీనికన్నమాట. జున్ను పంపింది దీనికన్నమాట.

నాకు కోపం తూము మూసినందుకు కాదు, నాకు చెప్పనందుకు. బాగుందని నువ్వు రాసిన ఒక్క మాట పట్టుకుని నేను గుంత పోగొట్టాను. నన్ను అబద్ధంలో నిలబెట్టావే.

నేనిది ఆఫీసులో ఇంకా చెప్పలేదు. చెబితే పోలీసుల్ని పెట్టుకుని పొక్లెయిన్‌తో వస్తారు. అమ్మవారి మీద పొక్లెయిన్ పెడితే ఊరు ఊరుకోదు. దెబ్బలు తినేది మీ ఆయన కనకరాజన్న, కేసు పడేది మీ ఇంటి మీద. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ వారం పెద్ద వాన ఉందంటున్నారు. ఆ రోడ్డు చెరువు కట్టలా గట్టిగా వేసింది కాదు. మీవైపు అంత నీళ్లు ఆపుకుని ఎన్నాళ్లు నిలుస్తుందో నేను చెప్పలేను. అది తెగితే ముందు పోయేది మీ గడ్డి, దానిమీద బండ్లలో పోయే మనుషులు. తెగకపోతే మీ ఇల్లు.

మీ చేతులతో మీరే తెరవండి. నీ కాళ్లు పట్టుకుంటాను.

బిందు

---

ఉప్పల్,
ఆగస్టు చివర, వాన వెలిశాక

బిందూ,

రెండు రోజులు నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. నా ఇంటికి వచ్చి నన్ను కలవకుండా పోయావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే జరిగింది నీకు తెలియాలి.

తూము మూసింది మేమే, మా గల్లీవాళ్లమందరం కలిసి. గుంత దసరాకి అన్నావు. దసరా దాకా బర్రెలకి ఏం పెట్టను, నీ మాటా? మూస్తే మీవాళ్లు వచ్చి పగలగొడతారని కొందరన్నారు. మా అత్త అమ్మను పెడదామంది. ఆమె నాటకం ఆడలేదు. కట్ట లేచిన రోజు నుంచీ ఆమె అదే మాట: "కట్ట పోసినంక మైసమ్మ లేకుంటే ఎట్ల నిలుస్తది?" ఆమె చిన్నప్పటి నుంచీ చూసిన ప్రతి చెరువు కట్ట మీదా అమ్మ ఉంది. మీ రోడ్డు ఆమెకి కట్టే. మట్టి పోశారు, నీళ్లకి అడ్డం వేశారు, ఇంకేం కావాలి? మాకు అడ్డు దొరికింది, ఆమెకి అమ్మ దొరికింది. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు.

మొన్న వాన వచ్చింది చూశావుగా. మధ్యాహ్నానికి నీళ్లు మా గడప దాటాయి. మా ఆయన చిన్న దూడను ఎత్తుకుని రోడ్డెక్కాడు. రోడ్డు వాలులో సన్నగా పగులు కనిపించింది, అందులోంచి మట్టి జారుతోంది. గడ్డపార తెచ్చాడు కానీ గద్దె ముందుకి వచ్చేసరికి చెయ్యి లేవలేదు. గల్లీవాళ్లందరూ వానలో నిలబడి చూస్తున్నారు. ఎవరూ ముందుకు రాలేదు.

అప్పుడు మా అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. నాకూ భయంగానే ఉంది. అడిగాను.

"చెరువు కట్ట మీద అమ్మ యాడ కూసుంటది అత్తా? తూము పక్కకా, తూములనా?"

ఆమె గద్దె వైపు చూసింది. తర్వాత, "పక్కకే" అంది. "తూములెట్ల కూసుంటది? తూము నీళ్లది."

"మరి మనం యాడ కూసోబెట్టినం?"

ఆమె ఏడ్చింది బిందూ. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఏడవడం నేను చూడలేదు. కొంగు నడుముకి బిగించి, నీళ్లలో దిగి, గద్దె మీద పసుపు కలిపిన నీళ్లు చల్లి, "లే తల్లీ, మాదే తప్పు" అని తన చేతులతోనే అమ్మను ఎత్తి గుండెకి పెట్టుకుంది. ఆ తర్వాత సాయానికి రమ్మని మా ఆయన అడగనే లేదు, నలుగురు నాలుగు గడ్డపారలు తెచ్చారు.

తూము తెరుచుకున్నాక ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. సాయంత్రానికి మా గుమ్మం బయటపడింది. రోడ్డు నిలిచింది, ఇల్లు నిలిచింది. గడ్డి పోయింది. కట్టకి ఇవతల ఇన్నాళ్లూ మురిగిన నలుపంతా ఒక్కసారే మడి మీద పడింది.

అమ్మ ఇప్పుడు మా వాకిట్లో పీట మీద ఉంది. నువ్వు అడిగింది మేం చేశాం. ఇక నీ మాట మిగిలింది.

హిమజ

---

నాచారం,
సెప్టెంబరు

హిమజా,

మీరంతా క్షేమంగా ఉన్నారు, అదే చాలు. ఉప్పలమ్మ అత్తకి నా దండాలు చెప్పు.

ఇక్కడ పనులు ఎక్కువగా ఉన్నాయి. చర్లపల్లి వైపు ఇంకో రోడ్డు వచ్చింది, దానికి కొలతలు తీస్తున్నాం. మెట్రో దిగితే ఆటోలు దొరకడం లేదు. నాన్నకి కొత్త కళ్లజోడు వచ్చింది, పేపర్లో ప్రకటనలు కూడా చదువుతున్నారు. బతుకమ్మకి తంగేడు పువ్వు మీ వైపు దొరుకుతుందా? బోడుప్పల్ దాటి వెళ్లాలంటున్నారు.

గుంత ఫైలు నడుస్తోంది. త్వరలో చెబుతాను.

బిందు

---

ఉప్పల్,
సెప్టెంబరు

బిందూ,

తంగేడు పువ్వు గురించి అడగడానికి నీకు ఉత్తరమే దొరికిందా? ఇన్నేళ్లలో నువ్వు బతుకమ్మ పేర్చింది లేదు. నీకు చెప్పడానికి ఇష్టం లేనిది ఉన్నప్పుడే నీ ఉత్తరంలో ఆటోలూ కళ్లజోళ్లూ వస్తాయి. నాకు ఇష్టం లేనప్పుడు చెప్పులూ బురదా వచ్చినట్టు.

ఇవాళ క్యాన్ ఖాళీగా పంపుతున్నాను, ఉత్తరం ఒక్కటే ఉంది. బయట కొన్న గడ్డి సరిపోక బర్రెలు మడిలో మూతి పెట్టాయి. పాలు మళ్లీ వాసన వచ్చాయి. ఈ పాలు ఎవరికీ పోయకూడదని మేమే అనుకుని ఇంటింటికీ చెప్పి మానేశాం. మా ఆయన అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి బండి తుడుస్తున్నాడు, తుడిచి మళ్లీ గోడకి ఆనిస్తున్నాడు. ఒక బర్రెను అమ్మేద్దామా అంటున్నాడు.

మా అత్త రోజూ అడుగుతోంది: "అమ్మకు చోటు యాడ?" పీట మీద ఎన్నాళ్లు ఉంచుతామని. ఆమెకి నేనేం చెప్పను?

ఫైలు నడుస్తోందా, పడుకుందా? ఒక్క ముక్కలో రాయి.

హిమజ

---

నాచారం,
సెప్టెంబరు నెలాఖరు

హిమజా,

పడుకుంది.

ఒక్క ముక్కలో రాయమన్నావు, రాశాను. మిగతాది విను. తూము తెరుచుకుందనీ నీళ్లు పోయాయనీ తెలిసి జగన్మోహన్ గారు ఊపిరి పీల్చుకున్నారు. "అడ్డంకి తొలగింది కదమ్మా, ఇక గుంతెందుకు?" అన్నారు. నల్ల నీళ్ల సంగతి చెబితే మూసీ పక్కన మంచి నీళ్లెక్కడున్నాయని నవ్వారు. ఇది జరిగి మూడు వారాలు. నీకు రాయడానికి మొహం చెల్లక కళ్లజోడు గురించి రాశాను.

నిన్న నీ ఖాళీ క్యాన్ వచ్చింది. నాన్న మూత తీసి లోపలికి చూసి, మళ్లీ మూసి, డికాషన్ తాగారు. నేను ఆఫీసుకి వెళ్లి నా పేరుతో ఒక కాగితం రాశాను. గుంత లేకుండా ఆ రోడ్డు నీళ్లు వదలడం తప్పని, ఆ తప్పు మాదేనని. జగన్మోహన్ గారికి ఒకటి, రోడ్డు వేయించిన ఆఫీసుకి ఒకటి. వాళ్లు చదివేలోపు మళ్లీ వాన వస్తుంది. అందుకని ఇది.

గొట్టం దిగేచోటికీ తూముకీ మధ్య ఖాళీ జాగా ఉంది, నా డ్రాయింగ్‌లో గుంత పెట్టిన చోటు. ఆదివారం వచ్చి ముగ్గు పోస్తాను. ఎంత లోతో, ఎటు వాలో, తూము వైపు ఎంత ఎత్తులో నీళ్లు పొర్లాలో దగ్గరుండి చెబుతాను. మీ గల్లీవాళ్ల గడ్డపారలు ఎలాగూ పదునుగానే ఉన్నాయి. అనుమతి లేదు. ఎవరు తవ్వించారని అడిగితే నా పేరు చెప్పండి.

తవ్విన మట్టితో గుంతకి చుట్టూ చిన్న కట్ట వేద్దాం. ఇది నిజంగా కట్టే, నీళ్లు ఆపడానికి వేసేది. తూముకి పక్కన, ఎడమవైపు, గద్దెకి చోటు వదులుతాను. పీట మీది అమ్మను అక్కడికి తీసుకు రమ్మని మీ అత్తకి చెప్పు. అమ్మ ఉన్న కట్టని పూడ్చే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేదు. ఆ గద్దె ముందు నాకే లేకపోయింది కదా.

బోనం నేనెత్తుకుంటాను. గోదావరి జిల్లా నుంచి వచ్చినవాళ్ల పిల్లకి చేతకాదని మీ అత్త అంటే, నేర్పమను.

బిందు

---

ఉప్పల్,
కార్తీకం, పౌర్ణమి దాటాక

బిందూ,

నువ్వు బోనం ఎత్తుకున్న తీరు గల్లీలో ఇంకా చెప్పుకుంటున్నారు. రెండు చేతులతో పట్టుకున్నా నీ తల ఒకవైపుకే ఒరిగింది. మా అత్త మాత్రం "జర వంకర ఉన్నా మంచిగనే తెచ్చింది" అని నిన్నే వెనకేసుకొస్తోంది. రోజూ దీపం పెట్టడానికి వెళ్లి గుంతలోకి తొంగి చూసి వస్తుంది. నీళ్ల మీద నూనె తేలితే అమ్మకి చెప్పుకుంటుంది, అడుగున మడ్డి పెరిగితే మా ఆయనకి చెబుతుంది. ఆయన పారతో తోడి గోనెసంచుల్లో కట్టి రోడ్డు వారన పెడుతున్నాడు. దాన్ని ఎక్కడ పారేయాలో మీవాళ్లే చెప్పాలి.

మీ రోడ్డువాళ్లు ఇద్దరు వచ్చారు. బూట్లు విప్పి దండం పెట్టుకుని, ఫోటోలు తీసుకుని, ఎవరు తవ్వారని అడిగారు. నువ్వు చెప్పమన్న పేరు చెప్పలేదు, మేమే తవ్వామన్నాం. వాళ్లలో ఒకాయన "మాకు తెలుసు లేమ్మా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

దసరా తర్వాత పడ్డ వానకి నీళ్లు గుంతలో ఆగి, తూములోంచి మామూలు రంగులో వచ్చాయి. నలుపు పట్టిన గడ్డి కోసి పారేశాం. కింద నుంచి కొత్త చిగురు వచ్చింది, బర్రెలు తిన్నాయి. ఇవాళ క్యాన్‌లో పాలున్నాయి. కాచి చూడు, వాసన ఉంటే దాచకుండా రాయి. బాగున్నాయని నువ్వు రాస్తే నమ్మను, మీ నాన్నగారితో ఒక ముక్క రాయించు.

ఇంకొకటి. మా ఆయన వారం రోజులుగా నాచారంలో మళ్లీ పాలు పోయించుకునే ఇళ్లు వెతుకుతూ నీ గుమ్మం ముందు నుంచే తిరిగాడు. ఏ వేళకి చూసినా నువ్వు ఇంట్లోనే ఉన్నావట. ఒకసారి మధ్యాహ్నం బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నావట. పలకరిస్తే లీవు పెట్టానన్నావట. నీకు జ్వరం వచ్చినా లీవు పెట్టవని నాకు తెలియదా?

మొన్న నువ్వు పంపిన ఉత్తరం నిండా కార్తీక దీపాల గురించి రాశావు. ఏ కొట్లో ప్రమిదలు బాగున్నాయో కూడా రాశావు. నీ తంగేడు పువ్వు ఉత్తరం తీసి దాని పక్కన పెట్టి చదివాను.

కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదే జవాబు రాయి. నీ ఉద్యోగం ఉందా, పోయిందా?

హిమజ